పదహారు ఔన్సులు

"తూచకుండా ఎవరి కంచంలోనూ మెతుకు పడకూడదు సుమా, ఈ వారం రోజులూ," అంటూ త్రాసు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు నరసింహమూర్తి. పెట్టి, కండువా సర్దుకుని వీధరుగు మీదికి వెళ్ళిపోయాడు. చెప్పడం ఆయన వంతు, చెయ్యడం శేషారత్నం వంతు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, ఈ పంపకంలో ఒక్కనాడూ తేడా రాలేదు.

హైస్కూలు సైన్సు మేష్టారిని బతిమాలి తెచ్చిన త్రాసు అది. దాంతోపాటు ఔన్సుల రాళ్ళున్న చిన్న పెట్టె, పాలు కొలవడానికి కాంపౌండరు ఇచ్చిన గీతల గాజు గ్లాసు. ఇదంతా ఎందుకంటే, పై వారం ఆదివారం ఏలూరులో గ్రంథాలయం వారి సభ. అందులో తాడేపల్లిగూడెం నరసింహమూర్తిగారి ప్రసంగం. విషయం: 'ఇంగ్లండులో బతుకు, ఇండియాలో బతుకు'. అక్కడి మనిషి ఏం తింటాడు, ఎన్నేళ్ళు బతుకుతాడు, ఇక్కడి మనిషి సంగతేమిటి అన్నది అంకెలతో సహా తేల్చి చెప్పాలని ఆయన పట్టుదల. ఇంగ్లండు అంకెలు పుస్తకాల్లో దొరికాయి. ఇండియా అంకెలు తనే సేకరిస్తానన్నాడు. పెంటపాడులో తమ పొలం చేసే కూలీ ఇల్లొకటి, కొల్లేటికోటలో చేపలు పట్టేవాళ్ళ ఇల్లొకటి, పొలమూ పాడీ ఉన్న కుటుంబానికి మచ్చుగా తమ ఇల్లు. పై రెండు ఇళ్ళకీ పాపం ఆయనే ఎండలో పడి తిరిగాడు. సొంతింటికి వచ్చేసరికి మాత్రం పెళ్ళాన్ని నియమించాడు.

శేషారత్నానికి ఆ పని నచ్చింది, నిజం చెప్పొద్దూ! భీమడోలులో అయిదో క్లాసు దాకా చదువుకున్న పిల్ల. చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. ఈ ఎనిమిదేళ్ళలో చాకలి పద్దు తప్ప ఆ రాతకి వేరే పని పడలేదు. ఇప్పుడు కాగితం, కలం, త్రాసు. తెల్లవారకముందే లేచి, గేదెల కింద పేడ తీసి, పాలు పితికి, కల్లాపి చల్లి, పొయ్యి రాజేసి, అత్తగారికి వేణ్ణీళ్ళు తోడి, వంట చేసి, ఆ మీదట తూకం. ఆయనకి, అత్తగారు వీరరాఘవమ్మకి, మరిది బుల్లిరాజుకి ముగ్గురికీ మూడు కంచాలు. ఖాళీ కంచం తూచడం, వడ్డించాక తూచడం, రాసుకోవడం. ఆయన కంచంలో పడిందంతా ఆయన పేరనే రాసింది. ఆయన తినగా వదిలింది తీసివేయాలని ఆమెకి తోచలేదు. ఎలా తోస్తుంది? ఆ వదిలింది ఎక్కడికీ పోదుగా. అందరి భోజనాలూ అయ్యాక అదే కంచం ముందేసుకుని, వదిలినదాంట్లో గిన్నె అడుగున మిగిలింది కలుపుకుని తనే తింటుంది. మొగుడి కంచంలో తినడం పుణ్యమని పెళ్ళిలో పెద్దలందరూ చెప్పారు. ఆ కంచం తన పుట్టింటివారు పెట్టిందే. అంచు మీద 'శేషారత్నం' అని చుక్కలు చుక్కలుగా కొట్టించి మరీ ఇచ్చాడు నాన్న. మంచి కంచు, బరువుగా ఉందని వచ్చిన మర్నాడే అది ఆయనది చేసేశారు అత్తగారు.

శుక్రవారం కొల్లేటికోట మనిషి గంపలో కొరమీను తెచ్చింది. అదీ తూచింది. నడిమి ముక్కలు ఆయనకి, బుల్లిరాజుకి. అత్తగారికి పొట్ట ముక్క. తోకా, తలకాయా పులుసులో మిగిలితే బుల్లిరాజు, "వదినగారూ, ఆ తలకాయ ఇటు వేసేద్దురూ," అన్నాడు. వేసేసి, అతని పేరుకెదురుగా మూడు ఔన్సులు కలిపి రాసుకుంది. లెక్క తప్పలేదని సంతోషించింది కూడా. చూడండి మరి, ఎంత వెర్రిబాగుల మనిషో.

అప్పటికి ఆమెకి అయిదో నెల. పది రోజుల కిందట మిషన్ ఆసుపత్రి నర్సు విశ్వాసంగారు ఇంటికొచ్చి, కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదమ్మా. రెండు కాన్పులూ అలా ఎందుకయ్యాయో తెలుస్తూనే ఉంది. ఈసారీ ఇలాగే ఉంటే బిడ్డా దక్కదు, మీరూ దక్కరు. ఏం తింటున్నారు అసలు?" అని అడిగింది. శేషారత్నం నోరు తెరిచేలోగానే వీరరాఘవమ్మ అందుకుంది. "మా ఇంట్లో తిండికి లోటేమిటమ్మా! రెండు గేదెల పాడి. అందరం తినగా మిగిలిపోతుంది. దాని ఒళ్ళే అంత, తిన్నది అంటదు." శేషారత్నం అవునన్నట్టు తలాడించింది. మొక్కుబడికి ఆడించలేదు, నిజమేననుకుని ఆడించింది. మొదటి పిల్ల ఏడో నెలలోనే పుట్టి మూడు రోజులుంది. రెండోవాడు నెలలు నిండే పుట్టాడు గానీ పిట్టంత ఉండేవాడు. తనకి పాలు పడలేదు, నలభై రోజులకి కన్నుమూశాడు. తన ఒళ్ళే అంత కాబోలని ఆమె కూడా నమ్మింది.

వారం తూకాలూ అయ్యాక, బుధవారం పొద్దున్న వంట దింపి చెయ్యి తుడుచుకుంటుంటే నరసింహమూర్తి పిలిచాడు. ప్రసంగం శుద్ధప్రతి రాసి పెట్టాలి. ఆయన పచార్లు చేస్తూ చదువుతాడు, ఆమె పీట మీద కూర్చుని రాస్తుంది. పట్టికలు మాత్రం చిత్తుప్రతి చూసి దించుకోమన్నాడు. ఇంగ్లండు పనివాడి పట్టిక అయింది. పెంటపాడు కూలీదీ, కొల్లేటి ఇంటిదీ అయ్యాయి. ఆయన పంతొమ్మిది వందల ముప్పై రెండులో స్వరాజ్య ఉద్యమంలో జైలుకి వెళ్ళినప్పుడు అక్కడ పెట్టిన తిండి కూడా ఒక పట్టికగా వేశాడు. పూటకి ఇరవై రెండు ఔన్సుల అన్నం, ఆరు ఔన్సుల పప్పు, ఎనిమిది ఔన్సుల కూర. పక్కనే, 'మనుషులకి పెట్టదగిన తిండేనా ఇది?' అని రాసుకున్నాడు. ఆ తర్వాత సొంతింటి పట్టిక. నరసింహమూర్తి, పాలు ఇరవై నాలుగు ఔన్సులు. బుల్లిరాజు, ఇరవై. వీరరాఘవమ్మ, పన్నెండు. నాలుగో పేరు దగ్గర ఆమె కలం ఆగిపోయింది.

"ఏవండీ, ఇదేంటండీ?"

"ఏది?"

"నా పేరుకెదురుగా పాలు పదహారు ఔన్సులని ఉందండి."

"ఉంటే?"

"నాది ఎవరూ తూచలేదు కదండీ."

ఆయన నవ్వాడు. ముద్దుగానే నవ్వాడు, పాపం. "నీదెలా తూస్తావే? నీకంటూ కంచం ఏదీ? ఇంట్లో వాడకం రోజుకి అరవై నాలుగు ఔన్సులు. నలుగురం. భాగిస్తే తలకి పదహారు. దీన్ని సగటు అంటారు. అన్నం, పప్పూ కూడా నీకు అలాగే వేశాను."

"నేను పాలు తాగనండి."

"మజ్జిగ పోసుకోవూ? అవి పాలు కాకపోతే కొల్లేటి నీళ్ళా?" అని తన మాటకి తనే మళ్ళీ నవ్వుకుని, "ఊఁ, రాయి, టైము లేదు. 'ఇంగ్లండులో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసివాళ్ళలో ఏడాది తిరక్కుండా పోయేది అరవై మంది. మన మద్రాసు ప్రెసిడెన్సీలో నూట ఎనభై మంది. ఎందుచేత? ఈ దేశంలో తల్లికి గుక్కెడు పాలు పోసే దిక్కు లేకపోవడం చేత!'" అన్నాడు. ఆ వాక్యం ఆయనకి బాగా నచ్చింది. చెయ్యెత్తి ఇంకోసారి గట్టిగా చదివాడు. "'దిక్కు లేకపోవడం చేత' అన్నదాని కింద గీత గియ్యి. అక్కడ చప్పట్లు పడతాయి."

అంతలో వసారాలోంచి వీరరాఘవమ్మ, "అబ్బాయ్, పాలు చల్లారిపోతున్నాయిరా!" అని కేకేసింది. ఆయన వెళ్ళాడు.

శేషారత్నం పీట మీద అలాగే కూర్చుండిపోయింది. గీత గియ్యమన్నాడు గనక గీసింది. నూట ఎనభై మంది! అందులో ఇద్దరు ఈ ఇంట్లోంచే వెళ్ళారు. ఆ ఇద్దర్నీ కొంగులో చుట్టి ఇచ్చింది తనే. వాళ్ళ నాన్న ఇప్పుడే ఇక్కడ నిలబడి, తల్లికి గుక్కెడు పాలు లేవని గొంతు పగిలేలా అన్నాడు. అని, పాలు తాగడానికి వెళ్ళాడు. తనని చూస్తూనే అన్నాడే! చూస్తూనే ఎలా కనబడలేదు? పోనీ ఆయన సంగతి అలా ఉంచు, నాకేమైంది? అని తనని తనే ప్రశ్నించుకుంది. వారం రోజులు నా చేతుల్తో నేనే తూచానే. చేప తలకాయ మూడు ఔన్సులని కూడా వదలకుండా రాశానే. నేను కూడా తింటానని, నా తిండికీ ఒక తూకం ఉంటుందని నాకెందుకు గుర్తు రాలేదు? ఆయన మరిచిపోయాడన్న దానికంటే తనే తనని మరిచిపోయిందన్నదే ఆమెని నిలువునా కుదిపేసింది. మనిషి ఎంత కాలం అలా బతకగలదో తల్చుకుంటే భయం వేసింది.

గురువారం నుంచి తనది తూచడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేందుకు ఆ టైములో వంటింట్లో ఎవరుంటారు గనక! కంచంలో ఆయన వదిలింది, గిన్నెల్లో తనకని మిగిలింది అంతా విస్తరాకులోకి తీసి, తూచి, చీటీ మీద రాసుకుని అప్పుడు తింది. గురువారం, శుక్రవారం, శనివారం. అన్నం పూటకి పదకొండు ఔన్సులు. పప్పు ఒకటిన్నర. కూర ఒకనాడు రెండు, ఒకనాడు చిటికెడు తాలింపు గింజలు. పాలు ఎటు పోతున్నాయో కూడా ఈసారి గమనించి చూసింది. ముగ్గురి వాటా పోగా మిగిలే ఎనిమిది ఔన్సులూ అరుగు మీద ఆయన కోసం వచ్చేవాళ్ళ కాఫీలకి పోతున్నాయి. దారిన పోయేవాళ్ళకి ఎనిమిది! తనకి మాత్రం కుండ కడిగిన మజ్జిగ నీళ్ళు. గాజు గ్లాసులో పోసి వెలుతురుకి పట్టి చూస్తే అటుపక్క కిటికీ ఊచలు కనబడ్డాయి.

శనివారం మధ్యాహ్నం చీటీ పక్కన జైలు పట్టిక పెట్టి చూసుకుంది. చూసి, నోరు నొక్కుకుంది. అన్నం ఆయనకి జైల్లో ఇరవై రెండు, తనకి ఇంట్లో పదకొండు. పప్పు ఆరూ, ఒకటిన్నర. సర్కారు వాళ్ళు కక్ష గట్టి మరీ పెట్టిన తిండి! ఆయన జైల్లో ఉన్న ఆ ఆర్నెల్లూ ఈ ఇల్లు ఇల్లులా లేదు. 'నా బిడ్డకి ఏం పెడుతున్నారో, ఎండిపోయి వస్తాడు,' అని వీరరాఘవమ్మ రోజూ ఏడ్చేది. శేషారత్నమూ ఏడ్చింది. ఆయన విడుదలయ్యేదాకా పాలు ముట్టనని మొక్కుకుంది. అప్పుడు రెండోవాడు కడుపులో ఉన్నాడు. ఆయన విడుదలై వచ్చాడు, పూలదండలు వేశారు, చిక్కిపోయాడని ఆమె వాటా కూడా ఆయనకే కాచి పోశారు. మొక్కు తీరిపోయింది, ఇంక పాలు తాగవే అని ఆమెతో ఎవరూ అనలేదు. ఆమే అనుకోలేదు. రెండేళ్ళు! రెండేళ్ళుగా ఒక తీరిపోయిన మొక్కు మొయ్యడమేమిటి, హవ్వ! పట్టిక పక్కన ఆయన రాసుకున్న మాట మళ్ళీ కనబడింది. 'మనుషులకి పెట్టదగిన తిండేనా ఇది?'

సాయంత్రం అత్తగారి మోకాళ్ళకి ఆముదం రాస్తూ అడిగింది.

"అత్తయ్యగారూ, మీకు కంచం ఎప్పుడొచ్చిందండి?"

"అదేం ప్రశ్నే! మీ మామగారు పోయాక. ఆయనున్నన్నాళ్ళూ ఆయన కంచంలోనే తిన్నాను, ముప్పై ఏళ్ళు. ఆడదానికి వేరే కంచం ఉంటుందేంటి?"

"మీకు మొత్తం పిల్లలు ఎంతమందండి?"

"తొమ్మండుగురు."

శేషారత్నం మోకాలి చిప్ప మీద నూనె గుండ్రంగా రాస్తూనే ఉంది. వాళ్ళలో మిగిలింది నరసింహమూర్తి, బుల్లిరాజు ఇద్దరే. ముసలావిడ గోడకేసి తిరిగింది. తనంతట తనే, "వాళ్ళ ఒళ్ళు కూడా అంతేనే. పాలు పడేవి కాదు నాకు," అంది. ఆ మాట అన్నాక ఏదో గుర్తొచ్చినట్టు కోడలి మొహంలోకి చూసి, మళ్ళీ చూపు తిప్పేసుకుంది.

ఆదివారం పదింటి పాసింజరుకి నరసింహమూర్తి ఏలూరు వెళ్ళాలి. తొమ్మిదికల్లా భోజనానికి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పైన తువ్వాలు కప్పుకుని. బుల్లిరాజు పక్కన కూర్చున్నాడు, వీరరాఘవమ్మ ఎదుటి గోడ వార. అన్న ముందు అరిటాకు ఉంది. తమ్ముడి ముందు అతని కంచం, తల్లి ముందు ఆవిడ కంచం. నాలుగో పీట కూడా వేసి ఉంది. దాని ముందు అంచు మీద పేరున్న కంచు కంచం. నాలుగింటి పక్కనా నాలుగు గ్లాసుల పాలు, గీతల గ్లాసుతో కొలిచి పోసినవి, ఒక్క చుక్క తేడా లేకుండా.

"ఆకు వేశావేంటి? నా కంచం ఏదీ?"

శేషారత్నం అన్నం వడ్డించింది. ముగ్గురికీ వడ్డించి, కంచంలో తనకీ వడ్డించుకుని నాలుగో పీట మీద కూర్చుంది.

"ఇది నాదండి. నా పేరుందండి దీని మీద."

బుల్లిరాజు కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఓసినీ!" అని వీరరాఘవమ్మ చెంప మీద చెయ్యేసుకుంది. "మొగుడి ఎదురుగా, ఆయన లేవకుండానే కూర్చుని తింటావా? ఇది ఏ దేశపు మర్యాదే?"

"మీ అబ్బాయిగారి కాగితంలో ఉన్న దేశానిదేనండి." మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, నేను రోజుకి పదహారు ఔన్సుల పాలు తాగుతానని మీరివాళ ఏలూరులో అంతమంది ముందు చదువుతారండి. నేను తాగకపోతే మీరు సభలో అబద్ధం చెప్పినట్టవుతుంది. కాగితం దిద్దమంటే దిద్దుతానండి, నా అంకెలు ఇవిగో." చీటీ తీసి ఆయన ఆకు పక్కన పెట్టింది. "దిద్దొద్దంటే గ్లాసులు ఇలాగే ఉంటాయండి. ఇవాళే కాదు, రోజూ. అరుగు మీదికి వచ్చేవాళ్ళకి మంచినీళ్ళిస్తాను."

నరసింహమూర్తి చీటీ తీసుకున్నాడు. గుండ్రటి అక్షరాలు, తన ప్రసంగం రాసిన అక్షరాలే. మూడు రోజుల అన్నం, మూడు రోజుల పప్పు. పాలు, లేవు. పాలు, లేవు. పాలు, లేవు. దాని కింద జైలు వరస మొత్తం దించి ఉంది, తను పక్కన రాసుకున్న మాటతో సహా. చదివిందే మళ్ళీ చదివాడు. ఎవరో తన తరఫున మాట్లాడాలన్నట్టు తల్లి వైపు చూశాడు.

వీరరాఘవమ్మ కొడుకుని చూడటం లేదు. తన ముందున్న గ్లాసు చూసుకుంటోంది. రోజూ వచ్చేదానికన్నా నాలుగు ఔన్సులు ఎక్కువే ఉన్నాయి అందులో. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఒక్కొక్క పేరే లోపల పిలుచుకుంటున్నట్టుంది. ఏడు పేర్లూ అయ్యాక తలెత్తింది.

"తాగనీరా," అంది చివరికి. "అమ్మాయ్, చల్లారిపోతున్నాయి."

నరసింహమూర్తి కాగితం దిద్దమనలేదు. తలొంచుకుని ఆకులో అన్నం కలపసాగాడు.

శేషారత్నం గ్లాసు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని తాగింది. ఎనిమిదేళ్ళుగా రోజూ తనే పితికి, తనే కాచి, తనే పంచిన పాలు. అవి ఇంత తియ్యగా ఉంటాయన్న సంగతే ఆమె మరిచిపోయింది.